గ్రహశకలానికి అన్నయ్య పేరు

విశాఖపట్నం మద్దిలపాలెం కూడలిలో పోయిన ఆదివారం రాత్రికి రాత్రి ఒక ఫ్లెక్సీ వెలిసింది. కొత్తగా కనిపెట్టిన గ్రహశకలానికి మా రాజకీయ నాయకుడు అన్నయ్య పేరే పెట్టాలన్నది అందులోని డిమాండ్. చేతులు జోడించిన అన్నయ్య తల వెనుక శనిగ్రహపు వలయం దివ్యచక్రంలా వెలుగుతుండగా, భుజం పక్కన వెండిరంగు పూసిన బంగాళాదుంప లాంటిదొకటి వేలాడుతున్నది. అదే గ్రహశకలం కాబోలు. కింద ముప్పై ఏడుగురు యువనాయకుల ముఖాలు సూది మోపే సందు లేకుండా పరుచుకున్నాయి. కుజ గురు గ్రహాల నడుమనున్న అసలు గ్రహశకలాల వలయంలోనైతే రాయికీ రాయికీ మధ్య సగటున లక్షల కిలోమీటర్ల ఎడం ఉంటుంది.

ఒకప్పుడు భౌతికశాస్త్రం చెప్పిన పాపానికి, మరునాడే నలుగురు కార్యకర్తలు మా ఇంటికి వచ్చారు. విధానం వివరించాను. కొత్తగా కనబడిన రాయికి ముందు తాత్కాలిక గుర్తు ఇస్తారనీ, కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ చూసి కక్ష్య స్థిరపడ్డాక వరుస సంఖ్య వేస్తారనీ, ఆ పైన కనిపెట్టినవారు సూచించే పేరు పదహారు అక్షరాలు దాటకూడదనీ చెప్పాను. అన్నయ్య బిరుదులకే అవి చాలవని వారు దిగులుపడ్డారు. వరుస సంఖ్య అనగానే కోశాధికారి కళ్లు మెరిశాయి. 9999 దొరుకుతుందా, వేలం ఎక్కడ అని అడిగారు. రాజకీయ నాయకుల పేర్లు వారు మరణించిన నూరేళ్లకు గాని పెట్టరన్న నియమం చివరగా చెప్పాను. గదిలో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

“ఆ వందేళ్లలో ఏమైనా తగ్గించే వీలుంటుందా, మాస్టారూ?” అన్నారు ఒకరు.

“తగ్గించినా మొదటి షరతు మిగులుతుంది కదా, బాబూ,” అన్నాను.

కక్ష్య సంగతికి వస్తే చిక్కు ఇంకా పెద్దది. 1801 జనవరి 1న ఇటలీ ఖగోళజ్ఞుడు పియాజ్జీ పలెర్మోలో మొట్టమొదటి గ్రహశకలం సెరిస్‌ను కనుగొని నలభై ఒక్క రోజులు వెంబడించాక, అది సూర్యకాంతిలో మరుగైపోయింది. అప్పుడు ఇరవై నాలుగేళ్ల జర్మన్ గణితజ్ఞుడు గౌస్ మూడంటే మూడు పరిశీలనలతో దాని దారి లెక్కగట్టగా, ఆ ఏడాది చివరికి అది ఆయన చెప్పిన చోటుకు దగ్గరలోనే దొరికింది. మేమూ అన్నయ్యను 2014, 2019, 2024లలో మూడుసార్లు పరిశీలించాము. మూడుసార్లూ మూడు జెండాల కింద కనిపించారు. గౌస్ మళ్లీ పుట్టినా ఈ కక్ష్య తేలదు. సెరిస్ సూర్యుణ్ణి 4.6 ఏళ్లకొకసారి చుట్టివస్తుంది, అన్నయ్య మా వార్డును అయిదేళ్లకొకసారి. ఆ మేరకు పోలిక ఉన్నమాట నిజమే.

వారిని సాగనంపుతూ డాబాగార్డెన్స్‌లో ఒకప్పుడు ఏముండేదో తెలుసా అని అడిగాను. బట్టల దుకాణాలు తెలుసన్నారు. గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత సొమ్ముతో వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే శాల, కట్టించినది అక్కడే! 1861లో మద్రాసు వేధశాల నుంచి ఆంగ్ల ఖగోళజ్ఞుడు పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి, ఈ ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అని పేరు పెట్టాడే తప్ప తన పేరు తగిలించుకోలేదు. జగ్గారావు అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఇక్కడి నుంచే గమనించారు. ఆ వివరాలను లండన్‌లోని ఖగోళ సంఘం తన పత్రికలో అచ్చువేసింది. ఆయన 1892లో పోయారు, నూరేళ్లు ఎప్పుడో నిండాయి. ఆయన కోసం ఈ ఊళ్లో ఎవడైనా ఒక్క ఫ్లెక్సీ కట్టాడా? గుడ్డముక్క మీద ఒక్క అక్షరం రాయించాడా? ఆకాశాన్ని చదివినవాళ్ల పేర్లు మరిచిన ఊరికి ఆకాశంలో పేర్లు కావలసివచ్చాయి, సిగ్గులేకపోతే సరి!

నిన్న సాయంత్రం కోశాధికారి ఫోన్ చేశారు. అన్నయ్య తాతగారు సర్పంచిగా చేసి పోయి అరవై రెండేళ్లయిందట. ముప్పై ఎనిమిదేళ్లు ఓపిక పడతారట, నంబరు మాత్రం ఇప్పుడే రిజర్వు చేయించమన్నారు.