'ఇంకొంచెం' గారికి ఒక లేఖ

అయ్యా ఇంకొంచెం గారూ,

నమస్కారం. పెళ్లి భోజనాల్లో తమరంటే నాకు మహా ఇష్టం. గరిటెతో మీరొస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతానే గానీ, నెయ్యి ఏనాడూ వద్దనలేదు. మనకు పేచీ అల్లా బండికి ఆయిల్ మార్చే ఆదివారాల్లోనే.

మొన్న ఏం జరిగిందో మీకు తెలియంది కాదు. ఆయిల్ ఫిల్టర్ మూతకు మూడు బోల్టులు, 6 మిల్లీమీటర్లవి. మూడింటికీ చేత్తోనే మర ఎక్కించాను. ఒక్కోదాన్నీ కాస్త కాస్త బిగిస్తూ వచ్చాను. మూత ఆనింది, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ నొక్కుకుంది. సరిగ్గా అప్పుడే తమరు చెవిలో దూరారు: "ఆయిల్ కారితేనో?"

మాన్యువల్‌లో బిగింపు బలం 10 న్యూటన్ మీటర్లు అని ఉంది. అంటే 10 సెంటీమీటర్ల స్పానర్ కొసన 10 కిలోల బరువు వేలాడదీసినంత, అంతే. మీరు ఊరుకోరని తెలిసే, పెట్టిన బలం రాగానే టక్కుమనే టార్క్ రెంచ్ కొన్నాను. అది కారు చక్రాలు బిగించే రకం, మూరెడు పొడుగు. దాని మీద అంకెలే 28 దగ్గర మొదలవుతాయి! "టక్కుమనే దాకా తిప్పు" అన్నారు. తిప్పాను. పైగా మరలకు ఆయిల్ జిడ్డు, రాపిడి తక్కువ, అదే బలానికి ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. టక్కుమనలేదు. గట్టిగా బిగుస్తున్న బోల్టు ఉన్నట్టుండి వెన్నలో చెంచాలా మెత్తగా తిరిగింది. ఆ మెత్తదనానికి నా కాళ్లు చల్లబడ్డాయి.

బోల్టు బయటికి తీస్తే, దాని మరల్లో వెండి తీగలాగా అల్యూమినియం చుట్టుకుని ఉంది. అల్లుడు ఉక్కు, చెక్కు చెదరలేదు. నలిగింది మామగారే, అంటే ఇంజన్‌లోని అల్యూమినియం మర.

మా వీధి మెకానిక్ నవ్వలేదు, అదొక్కటే నయం. రంధ్రం పెద్దది చేసి, కొత్త మర కోసి, హెలికాయిల్ (పాడైన మర స్థానంలో కూర్చునే తీగ చుట్ట) వేశాడు. లోపల రజను పడిందేమోనని, అప్పుడే పోసిన కొత్త ఆయిల్ మొత్తం దించేశాడు. (ఆ ఖర్చు మీ ఖాతాలో రాశాను.) తర్వాత టీ స్పానర్ నిలువు కాడను మూడు వేళ్లతో తిప్పి, మూత ఆనాక అడ్డకర్ర మీద చిన్న కుదుపు ఇచ్చి వదిలేశాడు. మిమ్మల్ని పలకరించనైనా లేదు.

కాబట్టి వచ్చేసారి తమరు గుమ్మం బయటికి రావద్దు. వంటింట్లో ముద్దపప్పు చేయిస్తాను, అక్కడే కూర్చోండి.

ఇట్లు,
రెండు సొంత మరలూ, ఒక దత్తత మరా ఉన్న ఇంజన్ యజమాని