డ్రిప్ ఒక్కటే చాలదు

డ్రిప్ (బిందు సేద్యం) రాయితీ పెంచితే అనంతపురం కరవు తగ్గుతుందన్న వాదనతో నేను సగమే ఏకీభవిస్తాను. డ్రిప్‌తో మిగిలిన నీటిని మా ఊళ్లో చాలామంది మరో రెండెకరాల చీనీ (బత్తాయి) తోటకు మళ్లించారు. బోర్లు ఇంకా లోతుకు వెళ్లాయి. కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి అని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది, అయినా రాత్రికి రాత్రే రిగ్గు వచ్చి తవ్వి వెళ్లిపోతుంది. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో ఏటా వాన లెక్క, బావుల నీటిమట్టం చూసి గ్రామసభలోనే పంటలు నిర్ణయిస్తారు. చెరకు, అరటి వద్దనుకున్నారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకప్పుడు ఏడు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి పంటల నీటి లెక్క వేసుకున్నారు! ఆ పని ప్రతి మండలంలో ఎందుకు జరగకూడదు? రాయితీ దరఖాస్తుతో పాటు ఆ ఊరి నీటి లెక్కనూ అధికారులు అడగాలి.