ఐదు ఇంటూ ఒకటి

యంత్రం ఎంత ప్రమాదకరమో తేల్చడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, ఐదో ఎక్కం వస్తే చాలు. దెబ్బ తగిలితే ఎంత గట్టిగా తగులుతుందో 1 నుంచి 5 దాకా ఒక అంకె వేయాలి. తగిలే అవకాశం ఎంతో ఇంకో అంకె వేయాలి. రెండూ గుణించాలి. మా ఫారం ప్రకారం 5 దాటకపోతే పచ్చ గడి, 20కి చేరితే ఎర్ర గడి, మధ్యలో పసుపు. చిక్కల్లా ఆ అంకెలు వేసేది మనుషులు కావడమే.

మా వర్క్‌షాప్‌కి రిస్క్ అసెస్‌మెంట్ చేయడానికి సేఫ్టీ ఆఫీసర్ గారు ముందే నింపేసిన ఫారంతో వచ్చారు. వెల్డింగ్ విభాగానికి రాసిన దాంట్లో పేరు కొట్టేసి ‘లేత్’ (జాబ్‌ని, అంటే చెక్కాల్సిన లోహపు ముక్కని, గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) అని పెట్టారు. అందుకని మొదటి జాగ్రత్తే ‘తోలు గ్లవ్స్ తప్పనిసరి’ అని ఉంది.

లేత్ నడిపే మా టర్నర్ పెద్దాయన అది చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. “సార్, తిరిగే జాబ్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదండీ. గీరుకుపోవాల్సిన వేలి బదులు చెయ్యి మొత్తం లాక్కుపోతుంది” అన్నాడు. ఆఫీసర్ గారు ఆ వరస కొట్టేశారు. దాని కింద ‘నిప్పురవ్వలకి కర్టెన్ అంటుకునే ప్రమాదం’ అని ఉంది. కర్టెన్ ఎక్కడుందా అని అందరం ఒకసారి చుట్టూ చూశాం.

ఇక అంకెల బేరం. జాబ్‌ని పట్టుకుని తిరిగేది చక్, దాన్ని బిగించే చెవి చక్ కీ. ఆ కీని చక్‌లోనే మరిచిపోయి లేత్ ఆన్ చేస్తే అది ఎగిరొచ్చి ఎవరికి తగిలితే వాళ్ల పని అయిపోయినట్టే. కాబట్టి తీవ్రత 5. అక్కడిదాకా పేచీ లేదు. అవకాశానికి మాత్రం మేనేజర్ గారు 1 చాలన్నారు, ఇన్నేళ్లలో ఒక్కసారీ జరగలేదుగా అని. “నేను గుర్తుపెట్టుకుని తీస్తున్నాను కాబట్టి జరగలేదండీ” అని టర్నర్ 4 అన్నాడు. స్ప్రింగ్ ఉన్న చక్ కీలు దొరుకుతాయి, చెయ్యి వదిలితే చక్‌లో నిలవవు, అవి తెప్పిస్తే నిజంగానే 1 వేసుకోవచ్చని కూడా చెప్పాడు. కానీ అవి తెప్పించాలంటే సంతకాలు కావాలి, అంకె మార్చాలంటే రబ్బరు చాలు. చివరికి 2 దగ్గర బేరం కుదిరింది. పది, పసుపు. మేనేజర్ గారు తృప్తిగా వెళ్లిపోయారు.

తిరిగే చక్రంతో జాబ్‌ని అరగదీసే గ్రైండర్ దగ్గర మాత్రం కాస్త పని జరిగింది. చక్రానికీ, జాబ్‌ని ఆనించే రెస్ట్‌కీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే జాబ్ అందులోకి దిగి ఇరుక్కుంటుంది, చక్రం పగిలినా పగలొచ్చు. చక్రం అరిగేకొద్దీ రెస్ట్‌ని దగ్గరికి జరుపుకుంటూ పోవాలి. ఆగి ఉన్న గ్రైండర్ సందులో ఆఫీసర్ గారు తన పెన్ను పెట్టి చూశారు. పెన్ను జారి అటు కింద పడింది. ఎవరూ మాట్లాడలేదు. ఫోర్‌మన్ స్పానర్ తెచ్చి, బోల్టు వదులుచేసి, రెస్ట్ జరిపి బిగించాడు. ఆ రోజు గుణకారంతో పనిలేకుండా తగ్గిన రిస్క్ అదొక్కటే.

తరవాత లేత్ నడుస్తుండగా చూడాలన్నారు. టర్నర్ సగంలో ఉన్న షాఫ్ట్ (ఇనుప ఇరుసు) మీద పని మొదలుపెట్టాడు. ‘వదులు బట్టలు చుట్టుకునే ప్రమాదం’ అని రాసుకుంటూ ఆఫీసర్ గారు బాగా దగ్గరికి వంగారు. మెడలో ఐడీ కార్డు చక్‌కి జానెడు దూరంలో ఊగుతోంది. టర్నర్ ఒక చేత్తో ఆయన భుజం పట్టి వెనక్కి గుంజి, రెండో చేత్తో ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మీద ఒక్కటిచ్చాడు. లేత్ ఆగింది.

“ఇప్పుడు అవకాశానికి ఎంతేస్తారు సార్?”

“ఐదు” అన్నారాయన, కార్డు జేబులో దోపుకుంటూ.

ఐదైదులు ఇరవై అయిదు, చిక్కటి ఎరుపు. అది చాలదన్నట్టు, మా లేత్ బటన్ తాళంచెవితో విడిపించే రకం. ఒకసారి నొక్కితే చెవి పెట్టి తిప్పేదాకా పైకి రాదు. ఎవరూ తెలియక మళ్లీ స్టార్ట్ చేయకూడదని ఆ ఏర్పాటు, మంచిదే. చెవి స్టోర్‌లో ఉంది. స్టోర్ తాళం స్టోర్‌కీపర్ దగ్గరుంది. స్టోర్‌కీపర్ సెలవులో ఉన్నాడు.

మేము తలలు పట్టుకుంటే ఆఫీసర్ గారు ఫారం వెనక్కి తిప్పారు. అక్కడ జాగ్రత్తలు వరసలో ఉంటాయి. అన్నిటికంటే పైమెట్టు ప్రమాదాన్నే లేకుండా చేయడం. అది కుదరకపోతే దాని బదులు ఇంకోటి వాడటం, ఆ తరవాత గార్డులు, ఆ తరవాత శిక్షణ, నియమాలు. అన్నిటికంటే ఆఖరున కళ్లద్దాలూ బూట్లూ. మామూలుగా అందరూ ఆఖరు నుంచే మొదలుపెడతారు, చవక కదా. ఆయన మాత్రం కదలని చక్ వంక కాసేపు చూసి, రెండో 5 చెరిపి 1 వేశారు. ఐదు. మా షాపులో వచ్చిన మొట్టమొదటి పచ్చ గడి.

సాయంత్రం మేనేజర్ గారు వచ్చి షాఫ్ట్ ఎంతవరకు వచ్చిందని అడిగారు. టర్నర్ ఫారం ఆయన చేతిలో పెట్టాడు.

“పైమెట్టు దాకా వచ్చిందండీ. స్టోర్‌కీపర్ వచ్చేదాకా ప్రమాదమే లేదు.”