'కెమెరాలు నిషిద్ధం' బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'కెమెరాలు నిషిద్ధం' బోర్డు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీ కుశలం గురించి వినవస్తున్న కబుర్లు అంత బాగాలేవు. కొన్ని కోర్టుల్లో మిమ్మల్ని గోడ మీంచి దించేశారట. కొన్నిచోట్ల దించలేదు గానీ, మీరు చూస్తుండగానే కెమెరాలు దర్జాగా లోపలికి వెళ్తున్నాయట. ఇంత జరుగుతున్నా మిమ్మల్ని పలకరించిన పాపాన ఎవరూ పోలేదు. అందరూ కోర్టుల్లో బొమ్మలు గీసే చిత్రకారుల పని అయిపోయిందని వీడ్కోలు వ్యాసాలు రాసి కన్నీళ్ళు పెడుతున్నారు. వాళ్ళకి ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది మీరేనన్న సంగతి ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు.

కళాపోషకులనగానే లోకానికి రాజులు గుర్తొస్తారు, జమీందార్లు గుర్తొస్తారు. వాళ్ళు ఇష్టంతోనో, గొప్ప కోసమో పోషించారు. మీకు ఆ రెండూ లేవు. మీరు చేసిందల్లా కెమెరాని గుమ్మంలో ఆపడం. దాంతో సుద్దరంగుల పెట్టె, గీసుకునే అట్ట పట్టుకొచ్చిన మనిషికి లోపల బెంచీ మీద కాస్త చోటు దొరికింది. చేతిలో కళ ఉందని ఆ మనిషిని ఎవరూ పిలవలేదు. సాయంత్రం వార్తల్లో చూపించడానికి వేరే గతిలేక పిలిచారు. 'వద్దు' అన్న ఒక్క ముక్క మీద ఒక వృత్తి మొత్తం తరాల తరబడి బతకడం ఇంకెక్కడైనా ఉందేమో, నాకైతే తట్టడం లేదు.

మీ పుట్టుక గురించి మీకు ఎవరైనా చెప్పారో లేదో. 1935 జనవరిలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఫ్లెమింగ్టన్ అనే చిన్న ఊరు. అట్లాంటిక్ దాటిన విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయి చంపిన కేసు. ముద్దాయి బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగి. విలేకరులు వందల్లో దిగారు. విచారణ నడుస్తుండగా ఫొటోలు తీయొద్దని జడ్జి చెప్పారు, అందరూ బుద్ధిగా తలాడించారు, తర్వాత తీయాల్సినవన్నీ తీశారు. న్యూస్‌రీల్ వాళ్ళయితే బాల్కనీలో ఒక కెమెరాని దాచిపెట్టి మరీ, సాక్షులు చెబుతున్నది చిత్రీకరించి సినిమా హాళ్ళలో ఆడించారు. ఆ రభసంతా అయ్యాక అమెరికన్ బార్ అసోసియేషన్ అనే లాయర్ల సంఘం 1937లో, కోర్టుల్లో ఫొటోలూ ప్రసారాలూ కూడదని తన నియమావళిలో రాసుకుంది. 1946లో ఫెడరల్ కోర్టుల (అంటే రాష్ట్రాలవి కాకుండా కేంద్రానివి) క్రిమినల్ విచారణలకు అదే నిబంధనగా వచ్చింది. న్యాయస్థానం గౌరవం కోసం పుట్టానని మీరు చెప్పుకుంటారు గానీ, ఫ్లాష్ బల్బుల మోత భరించలేక పెద్దమనుషులు చెవులు మూసుకున్నప్పుడు పుట్టారు మీరు.

లండన్‌లో ఉన్న మీ పెద్దన్నగారు మరీ ఘటికులు. అక్కడ 1912లో ఫ్రెడరిక్ సెడ్డన్ అనే ముద్దాయికి జడ్జి మరణశిక్ష చదువుతున్న క్షణాన్ని ఎవరో ఫొటో తీసేశారు, పత్రికలో వేసేశారు. అలాంటివి చూసి చూసి 1925లో చట్టమే చేశారు. క్రిమినల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్. దాని ప్రకారం కోర్టులో ఫొటో తీయడమే కాదు, అచ్చు వేసే ఉద్దేశంతో అక్కడ కూర్చుని బొమ్మ గీయడం కూడా నేరమే. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తిననివ్వదు. మరి అక్కడి చిత్రకారులు ఏం చేస్తారంటే, ఖాళీ చేతులతో లోపల కూర్చుని కళ్ళప్పగించి చూస్తారు. మహా అయితే కాగితం మీద నాలుగు మాటలు రాసుకుంటారు: ఎడమ పాపిడి, నీలం టై, కుడి భుజం కాస్త వాలింది, కళ్ళజోడు ముక్కు చివరకి జారింది. ఆ తర్వాత ప్రెస్ గదిలోకి పరుగెత్తుకొచ్చి, మొహం చెదిరిపోకముందే రంగుల్లోకి దించుతారు. చూడొచ్చు, గుర్తుపెట్టుకోవచ్చు, ఆ గుర్తున్నది మాత్రం గోడకి అవతలే వేసుకోవాలి. సాక్షి చెప్పేదీ జ్ఞాపకం నుంచే, చిత్రకారుడు వేసేదీ జ్ఞాపకం నుంచే. కాకపోతే సాక్షిని ఒక్క లాయరే క్రాస్ ఎగ్జామిన్ చేస్తాడు. బొమ్మ వేసినవాడిని ఊరంతా చేస్తుంది.

అమెరికాలో లోపల కూర్చుని గీయనిస్తారు, అంతవరకూ నయం. కానీ ఆ గీయడం ఎలా ఉంటుందో మీరు గుమ్మం బయటే ఉంటారు కాబట్టి చూసి ఉండరు. ముద్దాయిని మొదటిసారి హాజరుపరిచే రోజున వ్యవహారమంతా ఒక్కోసారి అయిదు, పది నిమిషాల్లో ముగిసిపోతుంది. అందుకని చిత్రకారులు ముందే వచ్చి బల్లలు, జెండా, జడ్జి కుర్చీ, వెనక గోడ వేసిపెట్టుకుంటారు. మనుషుల కోసం ఖాళీలు వదులుతారు. తలుపు తెరుచుకుంటుంది. ముద్దాయి వస్తాడు, వచ్చి వీళ్ళకి వీపు పెట్టి కూర్చుంటాడు. అటు లాయరుతో మాట్లాడటానికి తల తిప్పిన ఆ కాస్త క్షణంలో ముక్కు, దవడ, చెవి దొరకాలి. దూరంగా చోటిస్తే బైనాక్యులర్స్ పెట్టుకుని చూస్తారు. ఒక చేత్తో బైనాక్యులర్స్, ఒక చేత్తో పాస్టెల్ సుద్దరంగు, ఒళ్ళో అట్ట, వేళ్ళనిండా రంగు పొడి, పక్కవాడి కోటుకి అంటకుండా జాగ్రత్త. జడ్జిగారి గౌను నల్లది కావడం ఒక్కటే ఈ వృత్తికి ఇన్నేళ్ళలో కోర్టు చేసిన సాయం. నాలుగు గీతల్లో అయిపోతుంది.

జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి జనంలోంచి ఎంచిన పన్నెండు మంది, దగ్గరికొస్తే ఇంకో తమాషా. చాలా కేసుల్లో జ్యూరీ సభ్యుల మొహాలు పోల్చుకునేలా వేయకూడదని జడ్జి ఉత్తర్వు ఇస్తారు. వాళ్ళ భద్రత కోసం, న్యాయమే. దాంతో బొమ్మలో పన్నెండు ఖాళీ కోడిగుడ్లు బారుగా కూర్చుని, కళ్ళూ చెవులూ లేకుండా సాక్ష్యం వింటుంటాయి. శ్రద్ధగానే వింటున్నట్టు కనిపిస్తాయి, అది చిత్రకారుల గొప్పతనం.

ఇక మీ నిషేధం ఎంత చక్కగా అమలైందో చెప్పే ముచ్చట ఒకటుంది. టీవీ జోరుగా ఉన్న రోజుల్లో, విచారణ ముగియగానే చిత్రకారులు బొమ్మ పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తేవారు. వీధిలో నిలబెట్టిన టీవీ వ్యాను పక్కకో, గోడకో దాన్ని టేపుతో అతికించేవారు. పొద్దుటి నుంచి ఎండలో పడిగాపులు పడ్డ కెమెరా అప్పుడు ముందుకొచ్చి, ఆ బొమ్మ మీద మెల్లగా ఎడం నుంచి కుడికి జరిగి, ముద్దాయి మొహం దగ్గర ఆగేది. అంటే మీరు కెమెరాని ఆపలేదు బోర్డు గారూ, దాని పని మెట్ల కిందకి మార్చారు. ఇప్పుడా పరుగు కూడా లేదు. కోర్టు కారిడార్‌లో వెలుతురున్న మూల చూసుకుని, ఫోన్‌తో ఫొటో తీసి పంపేస్తున్నారు.

ఆ ఇరుకులోంచే ఎలాంటివి వచ్చాయో మీకు తెలియాలి. 1970 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్ మాన్సన్ అనే ముఠా నాయకుడి హత్యల కేసు నడుస్తోంది. మాన్సన్ ఉన్నట్టుండి చేతిలో పెన్సిల్‌తో బల్ల మీంచి జడ్జి చార్లెస్ ఓల్డర్ మీదకి దూకాడు. బందోబస్తు వాళ్ళు పట్టి పడేశారు. గదిలో కెమెరా లేదు. బిల్ రోబల్స్ అనే చిత్రకారుడు ఉన్నాడు, అతని చేతిలోనూ గీసే సాధనం ఒకటి ఉంది. గాల్లోకి లేచిన ఆ మనిషిని లోకం చూసింది ఆ బొమ్మలోనే. మరొకరు దాన్ని వీడియో తీసుంటే ఏముండేది? ఒక కుదుపు, గార్డుల వీపులు, కింద ఎవరిదో బూటు. బొమ్మలో మాత్రం అందరూ ఎవరి చోట్లో వాళ్ళున్నారు.

అలాగని ప్రతి బొమ్మా అంత కుదరదు. 2015 ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ న్యూయార్క్ కోర్టుకి వచ్చాడు, ఆటలో బంతుల్లో కావాలని గాలి తగ్గించారన్న గొడవ మీద. అందగాడని పేరున్న మనిషి. కోర్టు చిత్రకారిణి జేన్ రోజెన్‌బర్గ్ గీసిన బొమ్మలో అతని మొహం ఎవరో పిండినట్టు వచ్చింది. ఇక చూస్కోండి. పెన్సిల్ పట్టుకుని గుండ్రంగా ఒక సున్నా చుట్టలేనివాళ్ళంతా ఇంటర్నెట్‌లో కళా విమర్శకులైపోయారు. ఆ బొమ్మని ఎన్ని సినిమా పోస్టర్లలో అతికించారో లెక్కలేదు. చివరికి ఆవిడ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆట రోజున బంతుల్లో గాలి తీసినవాళ్ళెవరో కచ్చితంగా తేలలేదు గానీ, మొహంలో గాలి తీసినావిడ మాత్రం పట్టుబడింది. అదే రోజెన్‌బర్గ్ 2023 ఏప్రిల్‌లో మాన్‌హాటన్ కోర్టులో డొనాల్డ్ ట్రంప్ చూపుని పట్టుకుంటే, 'న్యూయార్కర్' పత్రిక ముఖచిత్రంగా వేసుకుంది. 2021లో గిలెన్ మాక్స్‌వెల్ అనే ఆవిడ మీద నడిచిన కేసులోనైతే, ఈవిడ ముద్దాయి బొమ్మ గీస్తుంటే ముద్దాయి ఎదురు తిరిగి ఈవిడ బొమ్మ గీయడం మొదలుపెట్టింది. అదీ ఈవిడ బొమ్మలోకి ఎక్కింది. మీ గోడ మీద అలాంటివాటికి నిషేధం ఉందో లేదో చూసుకోండి.

జపాన్‌లో మీ బంధువులు ఇంకా గట్టిగా ఉన్నారు. అక్కడ విచారణ మొదలయ్యే ముందు ఓ రెండు నిమిషాలు కెమెరాని రానిస్తారు. ముద్దాయి అప్పటికి గదిలో ఉండడు. జడ్జిలు కదలకుండా మెదలకుండా విగ్రహాల్లా కూర్చుంటారు. కెమెరా నమస్కారం పెట్టి బయటికి పోయాక అసలు విచారణ, దానికి చిత్రకారులు. లోపల చోటు దొరకాలంటే లాటరీ. 1996లో ఓం షిన్రిక్యో అనే మత ముఠా గురువు షోకో అసహారా విచారణ మొదటి రోజున 48 సీట్ల కోసం 12 వేల మందికి పైగా లైను కట్టారు.

మీ పతనం మాత్రం ఒక్కరోజులో జరగలేదు. టెక్సస్‌లో బిల్లీ సోల్ ఎస్టెస్ అనే వ్యాపారి కేసులో డజను మంది కెమెరావాళ్ళు కోర్టు నిండా వైర్లు పరిచారని, అమెరికా సుప్రీంకోర్టు 1965లో అతనికి పడ్డ శిక్షనే కొట్టేసింది. ఆ రోజు మీదే గెలుపు. 1981లో అదే కోర్టు, కెమెరాలు పెట్టుకోవాలో వద్దో రాష్ట్రాలే చూసుకోవచ్చంది. ఆ తర్వాత 1995లో ఓ.జె. సింప్సన్ అనే పేరున్న ఆటగాడి హత్య కేసు విచారణ. నెలల తరబడి అమెరికా పనులు మానుకుని టీవీ ముందు కూర్చుంది. ఆ సందడి చూసి బెదిరిన జడ్జిలు కొందరు మిమ్మల్ని దుమ్ము దులిపి మళ్ళీ తగిలించారు, కానీ అది ఆరిపోయే ముందు వెలుగే. 2020 మేలో కరోనా పుణ్యమా అని అమెరికా సుప్రీంకోర్టు ఫోన్‌లో వాదనలు వింది, జనానికి ప్రత్యక్షంగా వినిపించింది. గొంతులకి బొమ్మ వేసే విద్య ఇంకా ఎవరికీ రాదు. 2022లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ అనే క్రిమినల్ కోర్టులో శిక్ష చదివే జడ్జిని టీవీలో చూపించారు. ఒక్క జడ్జినే, ఇంకెవరినీ కాదు. మీ అన్నగారి పరువు అంతమట్టుకు దక్కింది.

దీనికి నేను ఏడవాలా? పౌరుడిగా నేను కెమెరా పక్షమే. కోర్టుదాకా వెళ్ళలేని మనిషికి లోపల ఏం జరుగుతోందో కళ్ళారా చూసే హక్కుంది, ఆ హక్కు ముందు ఎవరి పాస్టెల్ ముక్కా పెద్దది కాదు. నాకు ఒళ్ళు మండేదల్లా ఆ వీడ్కోలు వ్యాసాలు చదివినప్పుడు. చచ్చినవాడి కళ్ళు చారెడేసి అన్నట్టు, నిన్నటిదాకా రోజు కూలీ లెక్కన బొమ్మకి డబ్బిచ్చి, మరుసటి రోజు కేసు రాజీ కాగానే 'ఇక రావక్కర్లేదు' అన్న చానళ్ళే ఇప్పుడు 'అంతరించిపోతున్న అద్భుత కళ' అంటున్నాయి. ఆ బొమ్మల్ని మనసుపడి కొన్నవాళ్ళు నిజంగా ఎవరో తెలుసా? లాయర్లు. వేలు చూపించి గంభీరంగా వాదిస్తున్న తమ బొమ్మని కొనుక్కుని ఆఫీసు గోడకి తగిలించుకున్నారు. ఓడిపోయిన కేసు బొమ్మని ఫ్రేము కట్టించుకున్న లాయరు ఉన్నాడో లేదో మీరే వాకబు చేయాలి. ముద్దాయిలు కూడా తక్కువ తినలేదు, జుట్టు కాస్త ఒత్తుగా వేయమని అడిగినవాళ్ళున్నారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాత్రం వేల బొమ్మలు సేకరించి 2017లో ప్రదర్శన పెట్టింది. అక్కడ సందర్శకులు వాటిని ఫోన్లతో ఫొటోలు తీసుకునే ఉంటారు.

కాబట్టి నాదొక చిన్న మనవి. మిమ్మల్ని పూర్తిగా దించే రోజున వీడ్కోలు సభ పెట్టమని అడగను. ఆ రోజున ఒక్క పది నిమిషాలు కెమెరాలు ఆపించి, ఎవరైనా ఒక పాత చిత్రకారిణికి కుర్చీ వేసి మీ బొమ్మ గీయించండి. మొహం అచ్చంగా రాకపోయినా పేచీ పెట్టొద్దు. మీకు మొహం ఎటూ లేదు కాబట్టి, కనీసం మీరైనా కోపం లేకుండా డబ్బిచ్చి పంపండి.

ఇట్లు,
గ్యాలరీ చివరి బెంచీలో ఒకడు

తా.క. ఈ ఉత్తరం చేత్తో రాసిందే. కాకపోతే రెండో ప్రతి రాసే ఓపిక లేక, ఫొటో తీసి పంపుతున్నాను.