పాత మిల్లు కింద ఏముంది: ముందు జేసీబీయా, సర్వేనా?

రామచంద్రపురం వైపు కాలువ గట్టున ఎప్పుడో మూతపడ్డ ఉప్పుడు బియ్యం మిల్లు స్థలం ఇది. పై కట్టడాలు కూల్చేశారు. కింద బాయిలర్ పొయ్యి, పొగగొట్టం పునాది, ఎక్కడో ఒక ఆయిల్ ట్యాంకు మిగిలాయని ఊళ్లో అంటారు. స్థలం చదును చేయించే బాబాయికీ, ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ (తవ్వకుండానే పరికరాలతో నేల లోపల ఏముందో కొలిచే శాస్త్రం) చదివే అన్న కూతురికీ వాదన.

బాబాయి: పొద్దున్నే జేసీబీ దింపితే సాయంత్రానికి కింద ఉన్నదంతా పైకొస్తుంది. పెట్టె పట్టుకుని నేలంతా తిరగడం దేనికమ్మా?

అమ్మాయి: పైకి రాకూడనిదీ వస్తుంది బాబాయ్, అందుకు. పాత ట్యాంకుకి బకెట్ పన్ను తగిలిందనుకోండి, మిగిలిన నూనె మట్టిలోకి దిగుతుంది. మన దగ్గర కాస్త తవ్వితేనే నీళ్లు, ఆ నీళ్లే పక్క బోర్లకి. ఎక్కడుందో ముందే తెలిస్తే నూనె తోడేసి తీయొచ్చు.

బాబాయి: తెలిస్తే కదా! నేలలోకి తరంగాలు పంపే రాడార్ బండి చూపు తడి బంకమట్టిలో మీటరు కూడా దిగదట.

అమ్మాయి: నిజమే, బంకమట్టీ ఉప్పునీరూ రాడార్ తరంగాల్ని పైనే మింగేస్తాయి, అందుకే ఇక్కడ రాడార్‌ని నమ్ముకోను. మాగ్నెటోమీటరుకి ఆ తడితో పేచీ లేదు, భూమి అయస్కాంత క్షేత్రం ఏ చోట ఎంత మారిందో కొలుస్తుంది కాబట్టి ఇనప ట్యాంకు బాగా దొరుకుతుంది. పొయ్యి సంగతి ఇంకా బాగుంటుంది. ఇటుకలో ఉండే మాగ్నెటైట్ అనే ఇనప ఖనిజం సుమారు 580 డిగ్రీలు దాటి వేడెక్కి చల్లారేటప్పుడు, అప్పటి భూమి అయస్కాంత దిశ అందులో నిలిచిపోతుంది. బట్టీ నుంచి తెచ్చి గోడ కట్టిన ఇటుకలు తలో దిక్కూ ఉంటాయి గనక ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి చాలావరకు చెరిపేస్తుంది. ఏళ్ల తరబడి ఊక మండిన పొయ్యి గోడలు మాత్రం ఉన్నచోటే కాలి, ఉన్నచోటే చల్లారతాయి కదా, అన్నీ ఒకే దిక్కు పట్టుకుంటాయి, అందుకే కొలతల్లో గట్టిగా కనిపిస్తాయి.

బాబాయి: మిల్లు నేలంటే అడుగడుగునా మేకులూ బోల్టులేనమ్మా. పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ కూడా.

అమ్మాయి: కొలతల గీతలో పైపైన ఉన్న మేకు సన్నగా, నిటారుగా లేస్తుంది, లోతులో ఉన్న ట్యాంకు వెడల్పుగా కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆ కొలతలు పనికిరావు, ఒప్పుకుంటాను. అక్కడ నేలలో వరుసగా కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో, అంటే రెసిస్టివిటీ, చూడాలి. ఆ కడ్డీల వరుస పొడవులో ఐదో వంతో ఆరో వంతో లోతు తెలుస్తుంది. ఇటుక పునాదిలోకీ ఉప్పునీరు దిగి ఉంటే మాత్రం తేడా సరిగ్గా దొరకదు.

బాబాయి: ఇంతా చేసి రైసుమిల్లుకి! ఇదేమన్నా గుడా, కోటా?

అమ్మాయి: కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్లు. 1839 తుఫాను తర్వాత ఆ రేవు మునుపటిలా మళ్లీ లేవలేదు, అక్కడ పని ఎలా జరిగిందో చూసినవాళ్లు ఎవరూ లేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చి, వరి పెరిగి, ఆ వరి మీద ఈ మిల్లులు లేచాయి. మన తాతల కష్టం దీంట్లో ఉంది, ఇదీ కోరంగిలా ఆనవాలు లేకుండా పోకూడదు. ఏది ఎక్కడుందో గీసుకోకుండా తవ్వి పోస్తే మిగిలేది ఇటుక ముక్కల కుప్పే.

బాబాయి: సరే, చెయ్యి. కానీ నీ పటంలో ఏమీ లేదన్న చోట కూడా ఒక గుంత తవ్విస్తాను.

అమ్మాయి: తప్పకుండా తవ్వించండి బాబాయ్. అక్కడ ఏమన్నా బయటపడితే నా సర్వే దేన్ని వదిలేసిందో తెలుస్తుంది, ఆ కొలతలన్నీ మళ్లీ తీస్తాను.