కొడుకుండగా దుబాసీ ఎందుకు?

(పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన పెద్దవాళ్ళు ఆసుపత్రికి వెళ్తే డాక్టరు మాట తెలుగులో ఎవరు చెప్పాలి? మరిది సాఫ్ట్‌వేర్, వదిన మెడికల్ ఇంటర్‌ప్రెటర్.)

మరిది: కొడుకు పక్కనే ఉండగా ఫోన్లో ముక్కూ మొహం తెలియని మనిషెందుకు వదినా? అమ్మ ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందో నాకే కదా తెలుసు.

వదిన: మాత్రల సంగతి సరే. "నరం లాగుతోంది" అంటే డాక్టరుకి ఏం చెప్తావు?

మరిది: నెర్వ్ పెయిన్.

వదిన: మనకి నెర్వూ నరమే, సూది గుచ్చే రక్తనాళమూ నరమే. "చెయ్యి" అంటే భుజం నుంచి వేళ్ళ దాకా ఎక్కడైనా కావచ్చు, "కాలు" అంటే తొడా కావచ్చు, పాదమూ కావచ్చు. నీకు తోచిందొకటి చెప్పేసి ముందుకెళ్తావు. ఇంటర్‌ప్రెటర్ అయితే, "ఈ మాటకి రెండర్థాలున్నాయి, అడిగి చెప్తాను" అని డాక్టరుకి చెప్పి మరీ ఆగుతుంది. అంతెందుకు, ముట్లుడిగిన పదేళ్ళకి మళ్ళీ రక్తం కనబడుతోందని అత్తయ్య నీ ముందు చెప్తారా? "కాస్త గ్యాసు" అనేసి ఊరుకుంటారు.

మరిది: ఆ ఇంటర్‌ప్రెటర్ మాట అర్థమైతే కదా! "మూత్రపిండాల పనితీరు", "అధిక రక్తపోటు" అంటూ వార్తలు చదువుతారు. అమ్మకి కిడ్నీ, బీపీ అంటేనే తెలుస్తుంది. పైగా స్పానిష్‌కి మనిషి చిటికెలో దొరుకుతాడు, తెలుగుకేమో సంగీతం వింటూ కూర్చోవాలి. డాక్టరిచ్చే పావుగంటలో సగం దానికే సరి.

వదిన: కాదనలేను. పుస్తకం తెలుగు మావాళ్ళకున్న జబ్బే.

మరిది: కరీంనగర్ పెద్దావిడ "పానం మంచిగ లేదు" అంటే మీ బెజవాడ ఇంటర్‌ప్రెటర్ ప్రాణం మీదికొచ్చిందని చెప్తే?

వదిన: మధ్యలో బెజవాడేం చేసింది? "సుస్తీ చేసింది" అంటే హైదరాబాదు పిల్లలు బద్ధకం అనుకోరా?

మరిది: సరే, వదిలెయ్యండి. అసలు 2025 మార్చిలో ట్రంప్ ఇంగ్లీషే అధికార భాష అన్నాడు, ఇంగ్లీషు రానివాళ్ళకి భాషా సాయం అందాలని 2000లో క్లింటన్ ఇచ్చిన 13166 ఉత్తర్వు కొట్టేశాడు. ఇంక అడిగే హక్కెక్కడిది?

వదిన: పోయింది ఉత్తర్వు, చట్టం కాదు. ప్రభుత్వ డబ్బు తీసుకునేవాళ్ళు వివక్ష చూపకూడదనే ఆరో టైటిల్ 1964 పౌరహక్కుల చట్టంలో అలాగే ఉంది, వైద్యంలో అదే మాట చెప్పే 1557 సెక్షనూ 2010 ఆరోగ్య చట్టంలో ఉంది. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకునే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, విజిటర్ వీసా మీద వచ్చినా సరే. 2024 నిబంధనల ప్రకారం, అత్యవసరం కాకపోతే, "మా అబ్బాయి చాలు" అన్న మాట కూడా అబ్బాయి లేనప్పుడు, అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఎదుట చెప్పాలి. ఇక ఆలస్యం అన్నావు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే రికార్డులో తెలుగు అని ఎక్కించు. ఇండియా అనగానే హిందీ అనో, టీ అక్షరం వినగానే తమిళమనో నొక్కేస్తారు. స్పెల్లింగు చెప్పి, తిరిగి చదివించుకో. రెండ్రోజుల ముందు మళ్ళీ ఫోన్ చెయ్యి. గదిలో స్పీకర్ ఫోను డాక్టరు కంప్యూటరు పక్కన కాదు, అత్తయ్య చెవి దగ్గర ఉండాలి. ఇంటర్‌ప్రెటర్ ఐడీ నంబరు రాసుకో, తర్వాత తేడా వస్తే పనికొస్తుంది. డాక్టరు రెండు మూడు వాక్యాలకోసారి ఆగాలి. చివర్లో, "ఈ మాత్ర ఎలా వేసుకుంటారో మీరే చెప్పండి" అని ఆవిడచేత చెప్పించాలి. తలూపితే లెక్కలోకి రాదు.

మరిది: మరి క్యాన్సరని తేలితే? మొహమ్మీదే చెప్పేస్తారు. మన ఇళ్ళలో అలా చెప్తామా?

వదిన: డాక్టరు అన్నది దాచడానికి ఇంటర్‌ప్రెటర్‌కి వీల్లేదు. ఎంతవరకు తెలుసుకుంటారో ముందే ఆవిణ్ణి అడగమని డాక్టరుకి చెప్పు. "నాకొద్దు, మా అబ్బాయికి చెప్పండి" అనాల్సింది ఆవిడ, నువ్వు కాదు.

మరిది: అలా అడిగితేనే అమ్మకి అర్థమైపోతుంది వదినా.

వదిన: అవుతుంది. దానికి నా దగ్గరా మందు లేదు.

మరిది: అయితే నేను బొమ్మలా కూర్చోవాలా?

వదిన: పాత రిపోర్టులు, మందుల చీటీలు పట్టుకెళ్ళు. మాత్ర పేరు గుర్తురాకపోతే అందించు. ఆపరేషన్ కాగితం మీద ఆవిడ సంతకం పెట్టేటప్పుడు మాత్రం నోరు మెదపకు.