ఎక్స్ కిరణం గారికి ఒక ఫిర్యాదు

అయ్యా ఎక్స్ కిరణం గారూ,

విరిగిన చెయ్యి, దగ్గే ఛాతీ చూసుకోక మీకు దేవుడి బొమ్మల జోలి ఎందుకండీ? 1895లో రాంట్‌జన్ మిమ్మల్ని కనిపెట్టి భార్య చేతి ఎముకలను, ఉంగరాన్ని ఫొటో తీస్తే లోకం ముచ్చటపడింది. ఆ చనువుతో గర్భగుడి దాకా వచ్చేశారు.

బెల్జియంలోని గెంట్ నగరం సంగతే చూడండి. సెయింట్ బావో చర్చిలో వాన్ ఐక్ సోదరులు చెక్క పలకల మీద వేసిన చిత్రం ఉంది, 1432లో పూర్తయినది. నడుమ బలిపీఠం మీద క్రీస్తుకు ప్రతీకగా ఒక గొర్రెపిల్ల. దాని రొమ్ము నుంచి రక్తం ధారగా పాత్రలో పడుతుంటుంది. మొహం మాత్రం ఎంత సాధువుగా ఉండేదని! 16వ శతాబ్దంలో మరమ్మతు చేసినవారు పైన పూసిన మొహం అది. నాలుగు వందల ఏళ్లకు పైగా జనం దానికే మొక్కారు, ఎవరికీ ఏ లోటూ రాలేదు. 1951 నాటికి పై రంగు కాస్త గీకితే అడుగున ఉన్న అసలు చెవులు కూడా బయటపడి మొత్తం నాలుగయ్యాయి. అయినా సర్దుకుపోయాం. నాలుగు చెవులుంటే మొర ఇంకా బాగా వినిపిస్తుందిలే అనుకున్నాం.

అప్పుడు దిగారు మీరు. చిత్రాన్ని చుక్క చుక్కా తడిమారు. మీరు తాకగానే ప్రతి మూలకమూ పోలీసు లాఠీ చూసినట్టు తన పేరు తానే చెప్పేసింది: సీసమైతే తెల్ల రంగు, పాదరసమైతే ఎర్రటి ఇంగిలీకం, రాగి అయితే నీలమో పచ్చో. ఏది అసలు, ఏది అతుకు అన్న గుట్టంతా రట్టయింది. (పరారుణ కిరణాల వారూ వంత పాడారు, వారికి వేరే రాస్తాను.) మీ చాడీలు విని నిపుణులు సూక్ష్మదర్శిని కింద చిన్న కత్తితో పై పూత ఒలిచేశారు.

లోపలి గొర్రె సాధువు కాదండీ. రెండు కళ్లూ ముందుకు తిప్పి, పెదవులు బిగించి, అప్పు ఎప్పుడు తీరుస్తావన్నట్టు సూటిగా చూస్తోంది. 2020లో ఆ ఫొటోలు చూసి ప్రపంచమంతా నవ్వింది. బొమ్మ పాడుచేశారని నిపుణులనే తిట్టింది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతతో నెట్టుకొస్తున్నవాళ్లం. అసలు పటారమే లోపల ఉందంటే మేమేమైపోవాలి?

అంత చూపే ఉంటే, అదే చిత్రం నుంచి 1934లో దొంగలెత్తుకుపోయిన పలక ఎక్కడుందో చెప్పండి. ఇప్పటికీ దొరకలేదు. దాని మీద ఉన్నది ఎవరనుకున్నారు, న్యాయమూర్తులు! ప్రస్తుతం ఆ చోట నకలు కూర్చుంది. దాన్ని మాత్రం తడమకండి, దండం పెడతాను.

ఇట్లు,
నాలుగు చెవులకు అలవాటుపడ్డ ఒక భక్తుడు